మన వాహనం – మన బాధ్యత: ఎత్తు పెంచిన జీపులో ఫ్యాను తొడుగు

వేసవి ప్రవేశించగానే క్షేత్ర శిబిరాల నుంచి ఈ శీర్షికకు అందే ప్రశ్నలలో అధికభాగం ఇంజను వేడికి సంబంధించినవే. నీళ్లు మరుగుతున్నాయని కొందరు, హెడ్ గ్యాస్కెట్ పోయిందని కొందరు, రేడియేటరు మార్చినా ఫలితం లేదని మరికొందరు రాస్తున్నారు. ఇందుకు పంపు, థర్మోస్టాట్, మూత, బెల్టు వంటి కారణాలు అనేకం. వాటిని గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. ఎవరూ లెక్కలోకి తీసుకోని కారణం మరొకటి ఉన్నది. అది రేడియేటరుకూ ఫ్యానుకూ నడుమ ఉండే రేకు తొడుగు. పుస్తకాలలో దీనిని ష్రౌడ్ అంటారు. మన వర్క్‌షాపులలో ఫ్యాను కవరు అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. శరీరపు ఎత్తు పెంచిన జీపులలో మొదట ఊడి పక్కన పడేది ఈ రేకే. కనుక ఈ సంచికలో దానిని గురించే ముచ్చటించదలచాము.

మరైగూడ బాటలో ఫ్యాను పని

మరైగూడ బస్తరు ప్రాంతపు దక్షిణపు కొసన, కొంటా తహసీలులో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న గ్రామం. ఒకనాటి విశాల బస్తరు జిల్లా నుంచి 1998లో దంతెవాడ విడివడింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించింది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఈ ప్రాంతం ఆ జిల్లాలో ఉన్నది. సరిహద్దుకు ఇవతల దుమ్ముగూడెం, ఆపైన గోదావరి ఒడ్డున భద్రాచలం. సంతలో కోయ, దోర్ల పలుకులతో పాటు తెలుగు కూడా చెవిన పడుతుంది. కాబట్టి మన సిబ్బందికి అది పరాయి సీమ అనిపించదు.

తారు రోడ్డు ఉన్నంత మేర ఏ వాహనానికీ ఇబ్బంది లేదు. రోడ్డు వదలి అడవిలోని ఎడ్లబండ్ల బాట పట్టినప్పుడే ఇంజనుకు అసలు పరీక్ష. చేతికందే రాళ్లు, వాగుల ఒడ్డున నిట్టనిలువు దిగుళ్లు, ఇసుక, చక్రం లోతు గాడులు. అక్కడ గంటకు పది పదిహేను కిలోమీటర్లకు మించి సాగదు. నాలుగు చక్రాల పట్టులో, తక్కువ గేరులో, ఇంజను మాత్రం గట్టిగా తిరుగుతూనే ఉంటుంది. మే నెలలో నీడ పట్టునే 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి.

ఇంజనులో కాలిన ఇంధనపు వేడిలో సుమారు మూడో వంతు చల్లబరిచే నీటిలోకి వస్తుందని స్థూలమైన లెక్క. రహదారి మీద అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఎదురుగాలే ఆ వేడిని చాలావరకు తీసివేస్తుంది. అడవి బాటలో ఎదురుగాలి లేదు. గాలి పని అంతా ఫ్యానుదే. అందుకే రోడ్డు మీద ఏ ఫిర్యాదూ లేని బండి అడవిలో ప్రవేశించిన అరగంటకే ఆవిరి చిమ్ముతుంది. రోడ్డు మీద నడిపి చూసి 'బండి బాగానే ఉన్నది' అని ధ్రువీకరించడం ఈ కారణం చేతనే సరికాదు.

రేకు చేసే ఉపకారం

రేడియేటరు పలకకు నాలుగు మూలలుంటాయి. ఫ్యాను తిరిగే మేర గుండ్రంగా ఉంటుంది. ఉదాహరణకు పలక 45 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నదనుకుందాము. దాని వైశాల్యం 1800 చదరపు సెంటీమీటర్లు. 36 సెంటీమీటర్ల వ్యాసం గల ఫ్యాను తిరిగే వృత్తం 1018 చదరపు సెంటీమీటర్లు. అంటే ఫ్యానుకు నేరుగా ఎదురుగా ఉన్నది సుమారు 57 శాతం మాత్రమే. తొడుగు లేనప్పుడు మిగిలిన 43 శాతం గుండా వచ్చే గాలి నామమాత్రం. మనం కొన్నది పూర్తి రేడియేటరు, వాడుకుంటున్నది సగానికి కొంచెం ఎక్కువ.

నష్టం అంతటితో ఆగదు. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది. పలకలోని సన్నని రెక్కల మధ్య నుంచి దూరి రావడం కష్టం, ఫ్యాను రెక్కల కొసల చుట్టూ తిరిగి రావడం తేలిక. తొడుగు లేకపోతే ఇంజను వైపు ఉన్న వేడిగాలి రెక్కల కొసల మీదుగా ముందుకు జారి, మళ్లీ ఫ్యానులోనే పడుతుంది. ఫ్యాను తిరుగుతుంది, శబ్దం వస్తుంది, చేయి పెడితే గాలి తగులుతుంది. అయితే అది ఒకసారి వాడిన గాలి. తొడుగు ఆ దొంగదారిని మూసి, ఫ్యాను లాగే గాలి అంతా పలక మొత్తం మీదుగా వచ్చేటట్లు చేస్తుంది.

ఫ్యానును మరింత వేగంగా తిప్పితే సరిపోదా అని కొందరు చిన్న పుల్లీ వేస్తుంటారు. గాలి పరిమాణం వేగంతో సమానంగా పెరుగుతుంది, దానికి కావలసిన శక్తి మాత్రం వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచితే గాలి 20 శాతమే పెరుగుతుంది, శక్తి 73 శాతం పెరుగుతుంది. ఆ శక్తి ఇంజనుదే, దాని వేడి కూడా ఇంజనుదే. బెల్టు, పంపు బేరింగు ముందుగా అరిగిపోవడం అదనపు నష్టం. రేకు తొడుగు ఇంజను నుంచి అదనపు శక్తిని అడగదు.

ఎత్తు పెంచినప్పుడు ఏమి జరుగుతుంది

జీపు ఎత్తు పెంచే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది కమాను కట్టలను, షాకిళ్లను మార్చి ఛాసిస్‌ను ఇరుసు మీద పైకి లేపడం. ఇందులో ఇంజను, రేడియేటరు, శరీరం అన్నీ కలిసి లేస్తాయి కాబట్టి ఫ్యానుకూ తొడుగుకూ మధ్య సంబంధం మారదు. రెండవది ఛాసిస్‌కూ శరీరానికీ మధ్య నైలాన్ లేదా రబ్బరు దిమ్మెలు పెట్టి శరీరాన్ని మాత్రమే లేపడం. చిక్కు ఇక్కడే వస్తుంది. ఇంజను ఛాసిస్ మీద ఉన్న చోటనే ఉంటుంది. దానితోపాటు ఫ్యాను కూడా.

రేడియేటరు దేనిని పట్టుకొని ఉన్నదనేది ఇప్పుడు చూడవలసిన విషయం. పాత విల్లీస్ తరహా జీపులలో అది ఛాసిస్ ముందరి అడ్డదూలం మీద కూర్చుంటుంది. తరువాత వచ్చిన అనేక నమూనాలలో ముందరి జాలీకి బిగించి ఉంటుంది, ఆ జాలీ శరీరంతో పాటు లేస్తుంది. మొదటి రకంలో ఫ్యానుకు బాధ లేదు. రెండవ రకంలో రేడియేటరు, దానితో తొడుగు పైకి పోతాయి, ఫ్యాను కింద మిగులుతుంది.

దిమ్మె మందం 50 మిల్లీమీటర్లు, మొదట రెక్కల కొసకూ తొడుగు అంచుకూ చుట్టూ 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నదనుకుందాము. ఎత్తు పెంచిన తరువాత పైన ఆ ఖాళీ 70 అవుతుంది. కింద 20 నుంచి 50 తీసివేయాలి, అంటే రెక్క తొడుగులోకి 30 మిల్లీమీటర్లు చొచ్చుకొని పోవాలి. అది జరగదు కనుక బండి స్టార్టు చేసిన క్షణమే కీచుమంటుంది. అప్పుడు సాధారణంగా జరిగేది తొడుగు నాలుగు బోల్టులూ విప్పి, దానిని స్టోరు మూలన పడవేయడం. శబ్దం ఆగుతుంది. పని అయిపోయినట్లు కనిపిస్తుంది.

ఒక మెమో కథ

కొన్నేళ్ల క్రితం ఒక క్షేత్ర శిబిరపు జీపు విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. శీతాకాలంలో శరీరం లేపారు, తొడుగు తీశారు, బండి మూడు నెలలు నిశ్చింతగా తిరిగింది. ఏప్రిల్‌లో మరైగూడ వైపు నుంచి మలేరియా జ్వరంతో స్పృహ తప్పుతున్న ఒక కార్మికుణ్ణి భద్రాచలం ఆసుపత్రికి తీసుకొని బయలుదేరారు. అడవి బాటలోనే నాలుగుసార్లు బండి ఆగింది. డ్రైవరు తాగేందుకు తెచ్చుకున్న నీళ్లతో సహా రేడియేటరులో పోశాడు. ఇంజను చల్లబడే దాకా రోగిని చెట్టు నీడన పడుకోబెట్టి తడిగుడ్డ వేస్తూ కూర్చున్నారు. రెండు గంటలలో చేరవలసినవారు ఆరు గంటలకు చేరారు. అదృష్టవశాత్తు ప్రాణం దక్కింది. మరునాటికి హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఆ తరువాతి వారం డ్రైవరుకు మెమో వచ్చింది. నీటి మట్టం చూసుకోకుండా అజాగ్రత్తగా నడిపినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని దాని సారాంశం.

బండి పరీక్షకు మా వద్దకు వచ్చినప్పుడు పంపు, థర్మోస్టాట్, మూత అన్నీ సక్రమంగానే ఉన్నాయి. రేడియేటరు పక్కల మీద నాలుగు బోల్టు రంధ్రాలు మాత్రం ఖాళీగా, తుప్పు పట్టి కనిపించాయి.

"ఇక్కడి కవరు ఏమయింది?" అని డ్రైవరును అడిగాము.

"స్టోరులో ఉన్నది సార్. బండి లేపిన రోజునే విప్పారు. అది లేకుండా ఎండలో ఎలాగండీ అని మేస్త్రీగారిని అప్పుడే అడిగాను. ఫ్యాను ఇంకా స్వేచ్ఛగా తిరుగుతుందన్నారు" అని అతడు బదులిచ్చాడు.

స్టోరు నుంచి తొడుగు తెప్పించి చూస్తే దాని కింది అంచున, అర్ధచంద్రాకారంలో, రెక్క గీసిన గీత అద్దంలా మెరుస్తున్నది. అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. బండి స్టార్టు చేసి రేడియేటరు ముందు నాలుగు మూలలా పలుచని కాగితపు పీలికలు పెట్టాము. మధ్యలో పెట్టిన కాగితం పలకకు అతుక్కున్నది, మూలలవి జారి కింద పడ్డాయి. తొడుగును సవరించి బిగించిన తరువాత నాలుగు మూలలా కాగితాలు నిలిచాయి. అదే బరువుతో, అదే ఎక్కుడులో, మిట్టమధ్యాహ్నం నడిపినా ముల్లు ఎర్రగీతకు పోలేదు. ఈ వివరాలతో నివేదిక సమర్పించాము, మెమో ఉపసంహరించారు. డ్రైవరు తప్పు అని రాయడానికి ఒక్క నిమిషం చాలు. నాలుగు ఖాళీ రంధ్రాలను చూడడానికి బానెట్ ఎత్తవలసి ఉంటుంది.

సవరించే మార్గాలు

అన్నింటిలో ఉత్తమమైనది రేడియేటరును తిరిగి పాత స్థానానికి దించడం. శరీరం ఎంత లేచిందో అంత కిందికి వచ్చేటట్లు ఇనుప పట్టీలతో బ్రాకెట్లు చేసి రేడియేటరును దించితే, తొడుగు, ఫ్యాను, హోస్ పైపులు అన్నీ మొదటి అమరికకు వస్తాయి. కింది ట్యాంకు అడ్డదూలానికి తగలకుండా, రాళ్లకు అందేటంత కిందికి దిగకుండా చూడవలెను. రబ్బరు బుష్‌లు తప్పనిసరి, లేకపోతే ఛాసిస్ మెలికకు ట్యాంకు అతుకులు విడిపోతాయి.

రేడియేటరు దించడానికి చోటు లేనప్పుడు తొడుగును మాత్రమే దించవలసి వస్తుంది. బోల్టు రంధ్రాలను నిలువుగా సాగదీసి తొడుగును 50 మిల్లీమీటర్లు దించితే పలక పైభాగాన అంత మేర బయటపడుతుంది, కింద తొడుగు పలకను దాటిపోతుంది. ఈ రెండు సందులనూ రేకు పట్టీలతో మూయకపోతే చేసిన పని వృథా. గాలి మళ్లీ దొంగదారి పడుతుంది.

మూడవ మార్గం కొత్త తొడుగు చేయడం. 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల రేకు సరిపోతుంది. ముందుగా అట్టతో నమూనా కత్తిరించి చూసుకోవలెను. వృత్తపు కేంద్రాన్ని పలక మధ్య నుంచి కాక, ఫ్యాను ఇరుసు నుంచి కొలవవలెను. ఎత్తు పెంచిన బండిలో ఈ రెండూ ఒకటి కావు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. తొడుగును పై సగం, కింది సగంగా రెండు ముక్కలు చేసి మధ్యన బోల్టులతో కలిపితే ఫ్యాను విప్పకుండానే బిగించవచ్చు. అంచులో కమ్మీ పెట్టి చుట్టితే రేకు అదరదు, చేతులూ కోసుకోవు. రేడియేటరు పక్క పట్టీలకే బోల్టులు వేయవలెను. ట్యాంకుకు గాని, పలకకు గాని రంధ్రం చేయడం, వెల్డింగు పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. రేకుకూ పట్టీకీ మధ్య రబ్బరు పట్టీ వేయవలెను.

కొలతలు ఇలా ఉండాలి. రెక్కల కొస చుట్టూ 15 నుంచి 25 మిల్లీమీటర్ల ఖాళీ. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది కనుక అంతకు తగ్గిస్తే తగులుతుంది, ఎక్కువైతే గాలి జారుతుంది. రెక్క వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతులు తొడుగు లోపల, మిగిలినది ఇంజను వైపు బయట ఉండాలి. పూర్తిగా లోపలికి పోతే గాలి వెనుకకు వెళ్లడానికి దారి ఉండదు. పలకకూ రెక్కకూ మధ్య ఎడం 25 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

విద్యుత్ ఫ్యాను సంగతి కూడా కొందరు అడిగారు. అది రేడియేటరుకే బిగుస్తుంది కాబట్టి శరీరం ఎంత లేచినా ఇబ్బంది లేదు. అయితే 12 వోల్టుల మీద 20 ఆంపియర్లు లాగే ఫ్యానుకు 240 వాట్లు కావాలి. ఆల్టర్నేటరు సామర్థ్యం చూడకుండా పెడితే రాత్రివేళ దీపాలు వేసిన తరువాత బ్యాటరీ నీరసించడం ఖాయం.

బిగించిన తరువాత పరీక్ష

బ్యాటరీ తీగ విప్పి, తొడుగు లోపలి అంచున ఎనిమిది చోట్ల మైనపు ముద్దలు అంటించి, ఫ్యానును చేతితో పూర్తిగా ఒక చుట్టు తిప్పవలెను. ముద్ద ఎక్కడ ఎంత మిగిలిందో అదే అక్కడి ఖాళీ. ఆ తరువాత మైనం తుడిచివేసి, బండిని బయటకు తీసి, ఒక చక్రం గుంతలో, ఒక చక్రం గట్టు మీద ఉండేటట్లు నిలిపి మళ్లీ చూడవలెను. ఛాసిస్ మెలిక పడినప్పుడే అసలు ఖాళీ తెలుస్తుంది. తక్కువ గేరులో ఎక్కుడు ఎక్కించి, దిగిన తరువాత రేకు మీద కొత్త గీతలున్నాయేమో పరిశీలించవలెను. చివరగా కాగితపు పరీక్ష. ఇంజను తిరిగేటప్పుడు తుండుగుడ్డ, వదులు చొక్కా చేతులు ఫ్యాను దరికి రానీయరాదు. ఫ్యాను రెక్కలకు నేరుగా పక్కన నిలబడరాదు. పగులు ఉన్న రెక్క ఊడితే ఆ దిశలోనే ఎగురుతుంది.

వాగు దాటేటప్పుడు

శబరి, గోదావరి పరీవాహకంలోని వాగులు దాటే బండ్లకు మరొక హెచ్చరిక అవసరం. నీటిలో మునిగిన ఫ్యాను ఓడ చక్రం వలె పనిచేస్తుంది. రెక్కలు ముందుకు వంగి పలకను కోసివేస్తాయి. తొడుగు ఉన్న బండిలో నీరు అందులో చిక్కుకొని రెక్కలపై ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నీరు ఫ్యాను అంచు దాకా వస్తుందనుకుంటే జాలీ ముందు టార్పాలిన్ కట్టి, వేగం పెంచకుండా, ఆగకుండా దాటవలెను. మరీ లోతైతే ఫ్యాను బెల్టు విప్పి దాటి, గట్టున వెంటనే తిరిగి వేయవలెను. ఆ బెల్టే నీటి పంపును కూడా తిప్పుతుంది కనుక ఒకటి రెండు నిమిషాలకు మించి అలా నడపరాదు. వరద ఉన్న వాగును దాటకపోవడమే అన్నింటికంటె మంచి పద్ధతి.

చట్టం మాట

ఎత్తు పెంచడాన్ని మేము ప్రోత్సహించడం లేదు. గురుత్వ కేంద్రం పైకి పోతే బండి పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కనుక దిమ్మెలు వేసిన వాహనం మీ శిబిరంలో ఉంటే, ముందుగా రవాణా విభాగం దృష్టికి తీసుకొని వెళ్లి, పూర్వస్థితికి తేవడం సాధ్యమేమో చూడవలెను. దిమ్మెలు తీసివేసి, విప్పిన తొడుగును తిరిగి బిగిస్తే పై లెక్కలన్నీ అక్కరలేదు. ఆ పని పూర్తయ్యే దాకా బండి అడవి బాటలో తిరగక తప్పదంటే మాత్రం తొడుగు లేకుండా తిరగరాదు.

డ్రైవరు సోదరులకు, వర్క్‌షాపు మిత్రులకు

బయలుదేరే ముందు నీళ్లు, బెల్టు చూసినట్లే తొడుగు బోల్టులను కూడా చేతితో కదిపి చూడండి. పలక మీది గడ్డి గింజలను, దుమ్మును ఇంజను వైపు నుంచి ముందుకు, మెల్లని నీటి ధారతో కడగండి. వేడి మీద మూత తీయకండి. 0.9 కిలోల ఒత్తిడి మూత కింద నీరు సుమారు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది, మూత తీసిన మరుక్షణం ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి వస్తుంది.

వర్క్‌షాపులో ఏ కారణం చేతనైనా తొడుగు విప్పితే ఆ మాట జాబ్ కార్డులో, లాగ్ బుక్కులో రాయవలెనని మా మనవి. ఎవరు విప్పారన్నది ముఖ్యం కాదు, ఎప్పుడు తిరిగి బిగించాలన్నది ముఖ్యం. శీతాకాలంలో విప్పిన రేకు ఏప్రిల్‌లో ఎవరికి అవసరపడుతుందో, ఆ బండిలో ఆ రోజు ఎవరు పడుకొని ఉంటారో ముందుగా చెప్పగలవారు లేరు.

వచ్చే సంచికలో థర్మోస్టాట్ తీసివేసి నడపడం మంచిదా కాదా అనే చిరకాలపు వివాదాన్ని పరిశీలిద్దాము. ఈలోగా మీ శిబిరపు వాహనాల బానెట్లు ఒకసారి ఎత్తి, ఆ నాలుగు బోల్టులు ఉన్నాయో లేదో చూసి మాకు రాయండి.